మా వదిన, లీవు టీచరు

మా ఇంటి ముందుగదిలో ఉండే మనిషిని చుట్టుపక్కల వీధుల్లో అందరూ "లీవు టీచరు" అంటారు. ఆవిడ నా భర్తకు అక్క, నాకు వదిన. పెళ్ళి చేసుకోలేదు. ఆడపడుచుతో ఒకే ఇంట్లో కాపురం చెయ్యాలని తెలిసినప్పుడు మా చుట్టాలంతా నన్ను చూసి అయ్యో పాపం అన్నారు. నేను కూడా నన్ను చూసుకుని అయ్యో పాపం అనుకున్నాను. వచ్చాక చూస్తే ఆవిడ నన్ను సాధించడం అటుంచి, నేనే ఆవిడ మీద అరుస్తూ ఉండేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడకు అసలు ఎక్కడుంటుందో ఇంతవరకు కనిపెట్టలేకపోయాను.

లీవు టీచరు అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఏ బడిలోనైనా ఇంగ్లీషు టీచరు కాన్పుకు వెళ్ళినా, కాలు విరగ్గొట్టుకుని మంచాన పడినా, ఆ ఖాళీలోకి వదినను పిలిచేవాళ్ళు. డిగ్రీ ఉంది గానీ టీచరు ట్రైనింగు లేదు, అందుకని ఎక్కడా పర్మనెంటు చెయ్యలేదు. అసలు టీచరు తిరిగి రాగానే సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని బయటికి రావడమే. రిటైరయ్యే వయసు దాకా అదే బతుకు. ఒక బడిలో సగం పాఠం, ఇంకో బడిలో ఇంకో సగం. లీవులో ఉన్నవాళ్ళ పుస్తకాలు వాళ్ళ బీరువాల్లో ఉండేవి, తాళాలు వాళ్ళ ఇళ్ళలో ఉండేవి. అందుకని వదిన గదిలో ఏది కనిపిస్తే దాంతోనే చెప్పేది. కిటికీ, కుర్చీ, మంచినీళ్ళ గ్లాసు, పిల్లల చేతులు. ఆవిడ గ్రామరంతా చేతుల్లోంచే వచ్చింది.

ఇక నా సంగతి. నేను ఒక రక్తపరీక్షల ల్యాబులో గాజు సామాను కడిగేదాన్ని. గొట్టాలు, సీసాలు, స్లైడులు. ఒకరోజు పెద్ద డాక్టరమ్మ మమ్మల్నందర్నీ నిలబెట్టి కబురు చెప్పింది. గాజు గొట్టాలు మానేసి వాడి పారేసే ప్లాస్టిక్ గొట్టాలు తెస్తున్నారట, కడిగే పని ఇక ఉండదట. కావాలంటే రక్తం తీసే పని నేర్పుతామని, చివర్లో రాతపరీక్ష ఉంటుందని, పాసైనవాళ్ళు ఉంటారని చెప్పింది. పాసవనివాళ్ళు ఏమవుతారో చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ అర్థమైంది.

సూది గుచ్చడం నాకు తొందరగానే వచ్చింది. చెయ్యి వణకదు, నరం ఎక్కడుందో వేలికి తెలిసిపోతుంది. కొరకరాని కొయ్య రాతపరీక్షే. చేసిన పని చేసిన వరసలో ఇంగ్లీషులో రాయాలి. ఎందుకయ్యా అంటే, షిఫ్టు మారేటప్పుడు ఏ పని అయిందో, ఏది ఇంకా అవుతోందో రాసిపెట్టి వెళ్ళాలి. రాసింది తేడాగా ఉంటే పక్క షిఫ్టువాళ్ళు పప్పులో కాలేస్తారు. డాక్టరమ్మ చెప్పింది న్యాయమే. కానీ పదో తరగతిలో ఇంగ్లీషు నన్ను మెడపట్టి గెంటింది. ఆ తర్వాత నేను ఆ గుమ్మం తొక్కలేదు.

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తేస్తూ ఈ సంగతంతా నా భర్తకు చెబుతుంటే ముందుగదిలోంచి వదిన వచ్చింది.

"ఎక్కడ తప్పుతోందమ్మాయ్?" అంది.

"అంతా. ముఖ్యంగా ఈ వాషింగు, హావింగ్ వాష్డు. రెండూ కడగడమే కదా వదినా, మధ్యలో ఈ హావింగు ఎందుకు పుట్టింది?"

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. "ఒకటి చెప్పు. టీ తాగుతూ తలుపు తీశాను. టీ తాగి తలుపు తీశాను. రెండూ ఒకటేనా?"

"కాదు."

"తేడా ఏమిటి?"

తేడా ఉందని తెలుసు, చెప్పడం రాలేదు.

"సరే, గ్లాసు ఎక్కడుంది?"

"మొదటిదాన్లో చేతిలో. రెండోదాన్లో..." సింకు వైపు చూశాను. "సింకులో."

"అంతే. తాగుతూ అంటే గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. ఇంగ్లీషులో అది డ్రింకింగ్. తాగి అంటే గ్లాసు సింకులో పడింది, ఆ తర్వాతే తలుపు. అది హావింగ్ డ్రంక్. ఇది నీకు మాటలొచ్చినప్పట్నుంచీ తెలుసు. ఎవరూ అడగలేదు, అంతే."

బళ్ళో ఇదే ముక్కను నాకు ప్రెజెంట్ పార్టిసిపుల్, పర్ఫెక్ట్ పార్టిసిపుల్ అని చెప్పారు. ఆ పేర్లు వింటే ఏవో జబ్బుల పేర్లలా ఉండేవి. గ్లాసు ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు.

అయితే నా బుర్రకు ఇంకో చిక్కు ఉంది. "హావ్ అంటే ఉండటం కదా. ఐ హావ్ ఫీవర్ అంటే నాకు జ్వరం ఉంది. మరి హావింగ్ వాష్డ్ అంటే కడగడం నా దగ్గర ఉందనా?"

వేరే టీచరైతే నెత్తిన మొట్టేది. వదిన కాస్త ఆలోచించింది. "అలాగే అనుకో, తప్పులేదు. కడగడం అయిపోయి నీ చేతికొచ్చేసింది. ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కాకపోతే హావింగు పక్కన ఎప్పుడూ మూడో రూపమే రావాలి. హావింగ్ వాషింగు అన్నావంటే అయిపోయిన పనిని మళ్ళీ సబ్బులో ముంచినట్టు."

అలా మొదలైంది. మొదటి రోజు పాఠం బాగానే గడిచింది. మర్నాటినుంచి ఆవిడ పద్ధతి బయటపడింది. నేను రాసింది తప్పయితే తప్పని చెప్పదు, కోప్పడదు. "చెయ్యి" అంటుంది. ఏది రాశానో అది చేసి చూపించాలి.

ఒకసారి "పీలింగ్ ద ఎగ్స్, ఐ బాయిల్డ్ దెమ్" అని రాశాను. వదిన వెళ్ళి పచ్చిగుడ్డు తెచ్చి చేతిలో పెట్టింది. "ఒలుస్తూ ఉడికించు" అంది. ఒలవబోయాను. సొన మోచేతిదాకా కారింది. ఇంకోసారి "వాషింగ్ ద షర్ట్, ఐ ఐరన్డ్ ఇట్" అన్నాను. ఆవిడ ప్లగ్గు తీసేసిన ఇస్త్రీపెట్టె ఒక చేతిలో, సబ్బునురుగుతో ఉన్న చొక్కా ఇంకో చేతిలో పెట్టి, ఉతుకుతూ ఇస్త్రీ చెయ్యమంది. నేను నురుగు మీద చల్లటి పెట్టె తోస్తుంటే నా భర్త వచ్చి నోరు వెళ్ళబెట్టాడు. మర్నాడు ఆఫీసుకు వేసుకెళ్ళాల్సిన చొక్కా అది.

"అక్కా, నీ గ్రామరుకి నా చొక్కానే దొరికిందా?"

"ఉతికి ఇస్త్రీ చేస్తే నీకు చొక్కా ఉండేది. ఉతుకుతూ చేసింది. తేడా ఇప్పుడు నీకూ తెలిసిందిగా" అంది వదిన.

ఆ దెబ్బతో నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ వాక్యం రాయాలన్నా ముందు కళ్ళు మూసుకుని ఆ పని గాలిలో చెయ్యడం. చేతులు రెండూ ఒకేసారి కదిలితే ఇంగు, ఒకటి ఆగాక ఇంకొకటి కదిలితే హావింగు. బస్సులో కూడా అదే పని. నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. పిచ్చిదనుకుని ఎవరూ కూర్చునేవారు కాదు.

అన్ని రోజులూ నవ్వులే అనుకోకండి. ఒక సాయంత్రం పది వాక్యాలిస్తే పదీ తప్పాయి. వదిన ఎప్పటిలాగే "చెయ్యి" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెన్ను విసిరేశాను. అది వెళ్ళి గోడకు తగిలింది.

"ఇంగైతే ఏంటి, హావింగైతే ఏంటి! ఎట్లా రాసినా గుచ్చేది సూదేగా! తలుపు తెరిచి లోపలికి వెళ్ళాడు అనడానికి ఓపెనింగ్ ద డోర్ అని పుస్తకంలోనే ఉంది. వాళ్ళు రాస్తే ఒప్పు, నేను రాస్తే తప్పా?"

"ఉంది. తెరవడం, వెళ్ళడం వెంటవెంటనే జరిగిపోయే చిన్న పనులు. అక్కడ ఇంగుతో సరిపెట్టుకోవచ్చు. మీ ల్యాబులో ఆ చనువు పనికిరాదు. రక్తం వేరుచేసే మిషను దగ్గర సెపరేటింగ్ అని రాసి వెళ్ళావనుకో, ఇంకా తిరుగుతోందని పక్క షిఫ్టు పిల్ల ఆగుతుంది. హావింగ్ సెపరేటెడ్ అంటే మూత తీస్తుంది. ఆగాల్సిన చోట మూత తీస్తే?"

నాకు తెలుసు. అలా తీసినప్పుడు చిందిన రక్తం కడిగినదాన్ని నేనే. అయినా దిగిరాలేదు, మొహం తిప్పుకుని కూర్చున్నాను.

వదిన లేచి వెళ్ళి పెన్ను వెతికి తెచ్చింది. "చూడమ్మాయ్, ఇందులో నా స్వార్థం కూడా ఉంది" అంది. "ఇన్నేళ్ళు చెప్పాను గానీ ఒక్క పిల్లనైనా మొదట్నుంచి పరీక్షదాకా తీసుకెళ్ళలేదు. మధ్యలో ఎక్కేదాన్ని, మధ్యలో దిగేదాన్ని. పాసయ్యారో లేదో కూడా తెలిసేది కాదు. నిన్నొక్కదాన్ని చివరిదాకా చూడాలని ఉంది. నీకోసం కాకపోతే నాకోసం రాయి."

ఆవిడ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి. పెన్ను తీసుకున్నాను.

పరీక్ష మా ల్యాబు పైఅంతస్తులోనే. వదిన కూడా వస్తానంది. "లోపలికి రానివ్వరు" అన్నాను. "తెలుసు, బయట బల్ల ఉంటుందిగా" అంది. ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, నీళ్ళ సీసా పట్టుకుని, పరీక్ష ఆవిడకే అన్నట్టు కూర్చుంది.

హాల్లో కాపలాకి లెక్కల విభాగంనుంచి ఒక కళ్ళజోడాయన్ని వేశారు. నా ముందు బల్ల దగ్గర శాంపిళ్ళు మోసే వ్యాను డ్రైవరు; చేసిన పని రాసిపెట్టాల్సినవాళ్ళందరికీ అదే పరీక్ష. మొదటి ప్రశ్నలు ఎలాగో గట్టెక్కాయి. చివరిదే పెద్దది. ఎవరి పని వాళ్ళు మొదట్నుంచి రాయాలి; నాకైతే రోగి దగ్గర రక్తం తీసే పనంతా. అది రాకపోతే మిగతావన్నీ రాసినా దండగే.

నాలుగు వాక్యాలు రాసి, వరస చూసుకుందామని కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటికొచ్చాను. ఎడమచెయ్యి చాపాను. జబ్బకు పట్టీ కట్టాను. రెండు వేళ్ళతో మోచేతి మడతలో తట్టి నరం వెతికాను. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరేదాకా ఆగాను. పిడికిలి బిగించి వదిలాను. సరిగ్గా అప్పుడే ఆ డ్రైవరు మహానుభావుడు పెన్ను కింద పడేసుకుని వెనక్కి తిరిగాడు.

కళ్ళు తెరిచేసరికి కళ్ళజోడాయన నా నెత్తిమీద ఉన్నాడు. నా పేపరు ఆయన చేతిలో ఉంది.

"ఏమిటా సైగలు?"

"సైగలు కావండీ. రక్తం తీస్తున్నా."

"ఎవరి రక్తం?"

"నాదే."

హాలంతా గొల్లుమంది. ఆయన మొహం ఎర్రబడింది. "వేళాకోళంగా ఉందా?" అన్నాడు. అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. నా నోరు మూతపడుతుందా? "ఇప్పటిదాకా నాదే తీశాను. ఆ పేపరివ్వకపోతే తర్వాత మీదే" అనేశాను.

ఇంకేముంది, పెద్ద డాక్టరమ్మకు కబురు వెళ్ళింది. ఆవిడ వచ్చి నన్ను వరండాలోకి నడిపించింది. లోపల గడియారం తిరిగిపోతోంది, చివరి జవాబు నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయి ఉంది, ఉద్యోగం గాలిలో దీపంలా ఉంది. బల్ల మీంచి వదిన లేచి నిలబడింది.

కళ్ళజోడాయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేనన్న మాట కూడా వదలకుండా చెప్పాడు.

"ఆ మాటనడం తప్పేనండీ. ఇంట్లో కూడా అంతే" అంది వదిన డాక్టరమ్మతో. "చేతులు ఊపడం మాత్రం తప్పు కాదు. అది నేను నేర్పిన పద్ధతి. నేను ఆమెకు టీచర్ని."

ఆవిడ నన్ను మరదలనలేదు. నాకు టీచర్నని చెప్పుకుంది. అంత కంగారులోనూ ఆ మాట నాకు వినిపించింది.

డాక్టరమ్మ పేపరు తీసుకుంది. "అయితే ఈ జవాబు నేను చదువుతాను, మీరు చేసి చూపించండి. సైగలో, పాఠమో తేలిపోతుంది."

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"అది వద్దండీ" అంది వదిన.

కొంప ముంచావే తల్లీ అనుకున్నాను.

"ఎందుకు వద్దు?"

"దాన్లో తప్పుంటే అక్కడ నా చెయ్యి ఆగిపోతుంది. నేను ఆపాలనుకోకపోయినా ఆగుతుంది. ఈమె ఎదురుగానే ఉంది, చూస్తుంది. అప్పుడది నిజంగానే కాపీ అవుతుంది. పరీక్ష ఆమెది, నాది కాదు. మీ సొంతంగా ఏదైనా వాక్యం చెప్పండి."

డాక్టరమ్మ పేపరు మడిచి చంకలో పెట్టుకుని అంది: "వైపింగ్ మై హ్యాండ్స్, ఐ పుట్ ఆన్ ద గ్లవ్స్."

వదిన మొదలుపెట్టింది. లేని తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, లేని గ్లవ్సు తొడుక్కోబోయింది. రెండు చేతులకూ రెండు పనులు, మూడో చెయ్యి లేదు. గ్లవ్సు పంటితో పట్టుకుంది. తువ్వాలు భుజంతో నొక్కింది. అరవై దాటిన మనిషి వరండాలో అలా మెలికలు తిరుగుతుంటే కళ్ళజోడాయన పెదవి బిగించినా నవ్వు ఆగలేదు.

"అవదండీ. హావింగ్ వైప్డ్ అనండి" అంది వదిన ఆయాసపడుతూ.

"హావింగ్ వైప్డ్ మై హ్యాండ్స్" అంది డాక్టరమ్మ. వదిన తుడుచుకుంది, తువ్వాలు పక్కన పెట్టింది, శుభ్రంగా గ్లవ్సు తొడుక్కుంది. చూస్తే డాక్టరమ్మ చేతులు కూడా ఆవిడకు తెలియకుండానే గ్లవ్సు తొడుక్కుంటున్నాయి. అది గమనించి ఆవిడే ముందు నవ్వింది.

పేపరు నా చేతికొచ్చింది. "వెళ్ళి చివరి వరసలో కూర్చో. ఎంత ఊపుకుంటావో ఊపుకో" అంది డాక్టరమ్మ. "పోయిన టైము మాత్రం ఇవ్వను. ఆయనకు క్షమాపణ చెప్పాకే కూర్చో."

చెప్పాను. ఆయన "సరే సరే" అన్నాడు, నా చేతికి అందనంత దూరంలో నిలబడి.

మిగిలిన కాసేపట్లో ఎలా రాశానో నాకే తెలియదు. చెయ్యి ఆగిన చోట హావింగు, ఆగని చోట ఇంగు. చర్మం తుడిచి, ఆరేదాకా ఆగి, సూది గుచ్చి, గొట్టం నింపి, పట్టీ విప్పి, రోగి ఎదుటే పేరు రాసి. చివరి చుక్క పెట్టి తల ఎత్తేసరికి ముందు వరసలో డ్రైవరు కళ్ళు మూసుకుని, గాలిలో ఐసుపెట్టె ఎత్తి, గాలిలో వ్యాను తలుపు వేస్తున్నాడు. వాడి పక్కావిడ కూడా ఏదో కలుపుతోంది. కళ్ళజోడాయన కుర్చీలో కూలబడి కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ అందర్నీ వరండాలోకి పిలిచి పాసైనవాళ్ళ పేర్లు చదివింది. డ్రైవరు పేరు వచ్చింది. నా పేరు రాలేదు, రాలేదు, కాగితం మడిచే ముందు వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తాను. వదిన ముందుగదిలో దిండు గలీబు కుడుతోంది.

"పాసయ్యాను వదినా."

ఆవిడ లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. సూది ఎక్కడ పెట్టాలో తెలియక దిండుకే గుచ్చింది.

"నిజంగానా?"

"నిజంగానే."

"అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి?"

"ఎవరు?"

"నేనే. పిల్లలు పాసైతే టీచర్లు ఏం చేస్తారు? నాకు తెలీదే. ఫలితాల రోజుదాకా నేనెప్పుడూ ఉండలేదుగా" అంది.

"నాకు మాత్రం ఏం తెలుసు వదినా? పాసైనవాళ్ళు ఏం చేస్తారో నేనెప్పుడు చూశాను?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. నవ్వి నవ్వి ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఆ సమయానికి నా భర్త వచ్చి, మా వాలకం చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పోనీలెండి, ఏడవకండి. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి" అని ఓదార్చడం మొదలుపెట్టాడు. అతనికి నిజం చెప్పడానికి కూడా మాకు ఊపిరి అందలేదు.

నాకు బళ్ళో చదువు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను తప్పిన రోజు వాళ్ళలో ఒక్కరూ నా పక్కన లేరు, పాసైన రోజూ లేరు. రెండు రకాల రోజుల్లోనూ నాతో ఉన్న టీచరు మా వదిన ఒక్కతే. ఈ మాట ఆ రోజే ఆవిడతో అనాలనుకున్నాను. కసురుకోవడానికి లేచినంత తొందరగా ఇలాంటి మాటకు నా నోరు లేవదు. అందుకే రాశాను. సాయంత్రం ఆవిడ ముందు కూర్చుని చదివి వినిపిస్తాను.